ఎంతవరకు

నౌపడ ఉప్పుమడి గట్టు మీద
ముందు గున్నమ్మ కాళ్ళు కనబడ్డాయి నాకు,
తర్వాతే మనిషి.
మడమల్లో పగుళ్ళు, పగుళ్ళలో తెల్లటి గీతలు.
"ఈ మట్టేటి సేసుకుంటావమ్మా, గడ్డి కూడా మొలవదు ఇందల" అంది.
అంటూనే పారకొసతో తవ్వి
నల్లటి ముద్దొకటి నా సీసాలో జారవిడిచింది.
కుళ్ళిన గుడ్డు వాసన.
టెక్కలి దాటకముందే బస్సులో పక్క సీటావిడ
లేచి ముందుకెళ్ళిపోయింది.

ఎచ్చెర్లలో మా ల్యాబు రెండో అంతస్తు.
సెలినైటు కలిపిన తొమ్మిది పళ్ళేల్లో
ఆ మట్టినీళ్ళు పరిచాను.
ఎనిమిది పళ్ళేలు ఊసెత్తలేదు.
తొమ్మిదో దాంట్లో ఒకే ఒక్క చుక్క
తాంబూలం నమిలిన పెదవంచులా ఎర్రబడింది.
దానికింకా పేరు లేదు.
రిజిస్టర్లో మాత్రం ఎన్ తొమ్మిది.

ఫ్లాస్కులోకి మార్చిన మొదటి రోజు
పల్చటి గంజివార్పు రంగు.
రెండో రాత్రి కరెంటు పోయింది.
షేకరు ఆగిపోతే మా అటెండరు ఢిల్లేశ్వర్రావు
ఫ్లాస్కు మెడ పట్టుకుని
గంటంబావు తిప్పుతూ కూర్చున్నాడు,
చంటిపిల్లని జోకొట్టినట్టు కాదు,
మజ్జిగ చిలికినట్టూ కాదు,
ఏళ్ళుగా జీతం పెరగని మనిషి చేసే పనిలా, ఓపిగ్గా.
తెల్లారేసరికి ఇటుక రంగు.

ఆ సూక్ష్మజీవికి మన మీద ప్రేమేం లేదు.
తనకి పోసిన విషాన్ని తట్టుకోవడానికి
నలిపి, ఉండచేసి, బయటికి నెట్టింది.
వెంట్రుక మందాన్ని వెయ్యి ముక్కలు కోస్తే
ఒక ముక్కంత, ఒక్కో ఉండ.
దాని చెత్త మనకి మందేమోనని ఆశ.
సెలీనియం అంటే ఏదో భాషలో చందమామట.
మా ఫ్లాస్కులో అది ఎర్రగానే ఉంది.

కడిగాను, మళ్ళీ కడిగాను.
ఆపైన అసలు పని,
అమ్మకి ఫోన్లో ఎన్నిసార్లు చెప్పినా అర్థంకాని పని:
మంచిదని కాదు,
చెడ్డది కాదని తేల్చడం.

ఢిల్లేశ్వర్రావు సంతకం పెట్టి చొక్కా చెయ్యి మడిచాడు.
"రాసుకోమ్మా, ఓ పాజిటివ్. టిఫిన్ కూడా అయింది."
ఆయన రక్తం మూడు మిల్లీలీటర్లు
పదకొండు గొట్టాల్లోకి పంచాను.
పది, పాతిక, యాభై...
కణాలు అడుగున కూర్చున్నాయి, పైన తేట.
వందకీ తేటే.
రెండొందల దగ్గర
పైనీరు లేత గులాబీ.
మేం పోసిన ఎరుపెంత, ఆయనలో పగిలిన ఎరుపెంత?
రక్తం లేని గొట్టాన్ని పక్కన పెట్టి చూశాను.
కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను.
ఆయనదే.

తర్వాత చారలచేప గుడ్లు.
అద్దం కింద ఆవగింజలో గుండె కొట్టుకోవడం కనబడుతుంది,
లెక్కపెట్టడానికి మనసొప్పాలి.
యాభైకి ఇరవైలో పద్దెనిమిది ఈదాయి.
రెండొందలకి నాలుగు,
వాటి తోకలూ వంకర.
పెన్సిలుతో రాసి, పెన్నుతో దిద్దాను.

గ్రాఫు చూసి సారు అన్నారు,
"వంద దగ్గర ఆపేస్తే గీత బాగుంటుంది కదా."
చెడ్డమనిషి కాదు. మార్చిలోపు పేపరు వెళ్ళాలి.
నేనేం మాట్లాడలేదు.
గీతని అది కూలిపోయే చోటిదాకా
తీసుకెళ్ళి వదిలాను.
ఆయన చాలాసేపు చూసి
కింద తన పేరు ఉంచుకున్నారు.

గున్నమ్మ కన్నవారిది కవిటి పక్క.
తమ్ముడు వారానికి రెండుసార్లు
రక్తం కడిగించుకోడానికి పలాస పోతాడు.
రెండోసారి మట్టికి వెళ్ళినప్పుడు అడిగింది,
"ఆ ఎర్రది మావోడికి పనికొస్తాదేటమ్మా?"
అబద్ధం నాలిక చివరే ఉంది, తియ్యగా.
"ఇంకా తెలీదు" అన్నాను.
"ఎప్పటికి తెలుస్తాది?"
"అదీ తెలీదు."
కోప్పడలేదు.
పార నేలకి ఆనించి, మడి వైపు చూస్తూ
"ఉప్పైనా అంతే గదా,
ఎంతవరకో తెలీకుండా కూరలో ఎవులేత్తారు" అంది.

ఈసారి మట్టి ఇంకాస్త లోతుగా తవ్వింది.
మూత తనే బిగించి,
బస్సులో ఎవరూ లేచిపోకుండా
పైన తన పాత చీరపేలిక కట్టింది.